మా బావ విప్పిన గేర్‌బాక్స్

మా ఊరి టీ కొట్టు దగ్గర నా వ్యాన్ కథ చెప్పనివాడు లేడు. అలా చెప్పేవాళ్ళలో నన్ను అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. బండి నాది. గేర్‌బాక్స్ విప్పింది నా ఇంట్లో. పక్కన కూర్చుని టార్చి పట్టింది నేను. అయినా నేను ఆ కొట్టు బల్ల మీదే కూర్చుని టీ తాగుతుంటే, నా వీపు వెనకే నిలబడి, "బెంగళూరు నుంచి పెద్ద మిస్త్రీ వచ్చి చేసిపోయినాడంట" అని ఒకడు, "కాదు, ఆ డబ్బానే మార్చేసినారంట" అని ఇంకొకడు చెప్పుకుంటారు. ఒకసారి వెనక్కి తిరిగి "అట్ల కాదప్పా, నేను చెప్తా విను" అన్నాను. "నీకు తెలీదులే అన్నా" అన్నాడు ఆ చెప్పేవాడు. నా బండి గురించి నాకు తెలియదట! ఆ మాట అన్నవాడి ముఖం, వాడి చేతిలోని గ్లాసు, రెండూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకే రాస్తున్నాను. వినకపోతే చదవండి.

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. కుడికాలు మంచిది. సంతల్లో చాపలు, దుప్పట్లు అమ్ముకుని బతుకుతాను. ఒకరోజు కుందుర్పి, ఒకరోజు కంబదూరు, ఒకరోజు కళ్యాణదుర్గం. వ్యాన్ కొనకముందు అద్దె ఆటోల్లో పోయేవాణ్ణి. దుప్పట్ల మూటలు ఎక్కించిన తర్వాత నన్ను ఎక్కించేవాళ్ళు. సంత చేరాక మూటలు దించి, అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు నన్ను దించేవాళ్ళు. ఒక ఆటోవాడైతే నన్ను దించడం మరచిపోయి టిఫిన్ తినడానికి వెళ్ళాడు. నేను ఎండలో ఆటోలోనే కూర్చున్నాను. వాడు ఇడ్లీ తిని, బీడీ కూడా కాల్చుకుని వచ్చాడు.

మామూలు బండికి క్లచ్చు తొక్కడానికి ఎడమకాలు కావాలి. గేర్లు వాటంతటవే మారే బండికి అక్కర్లేదు. బెంగళూరులో ఒక హోటలువాళ్ళు వాడి వదిలేసిన అలాంటి పాత వ్యాన్ ఉందని తెలిసి, వెళ్ళి కొన్నాను. అది ఇంటికి వచ్చిన రోజు నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టాము. వీధి వీధంతా వచ్చింది. మా అక్క మొగుడూ వచ్చాడు.

మా బావ బోరు మోటార్లు బాగుచేస్తాడు. గొంతు పెద్దది, మాట ఇంకా పెద్దది. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తీసి లోపల తొక్కే పలకలు చూశాడు. చూసి, అందరూ వినేలా, "క్లచ్చు ల్యా, గేర్లు ల్యా. కుంటోనికి తగిన బండే దొరికిందిలే" అన్నాడు.

వీధంతా నవ్వింది. మా అక్క కొంగుతో అతని వీపు మీద కొట్టింది కానీ, కొడుతూ తనూ నవ్వింది.

ఆ రోజు నుంచి నేను మా బావతో మాట్లాడలేదు. వాళ్ళ ఇల్లు పక్క వీధిలోనే. అయినా గడప తొక్కలేదు. అతను మా ఇంటికి వస్తే నేను పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. మా అక్క ఏడ్చింది, తిట్టింది, చివరికి అలవాటు పడింది. అతను మాత్రం క్షమించమనే మాట అనలేదు. అది నేను అడిగి అనిపించుకునేది కాదు, అతనే అనాల్సింది.

ఒకరోజు కుందుర్పి సంత నుంచి వస్తూ గట్టు ఎక్కుతుంటే ఇంజను అరిచింది, బండి కదలలేదు. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ అరుపు పెరిగింది తప్ప చక్రం తిరగలేదు. వెనక్కి వేస్తే మాత్రం చక్కగా పోయింది. మూటలు నిండిన బండి గట్టు కిందికి వెనక్కి వెనక్కి పోతుంటే, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు ఆగి చూశారు. చివరికి ముందు చక్రాలు పైకి లేపించి, ట్రాక్టరుతో ఇంటికి లాగించుకున్నాను.

అనంతపురంలో ఒక సర్వీసు సెంటరు నుంచి మనిషిని పిలిపించాను. అతను బండి చూసి, ఈ రకం గేర్‌బాక్స్ తాము విప్పమని, మొత్తం మార్చాలని, ఇంత పాతదానికి కొత్తది రాదని, తూకానికి అమ్మేసి ఇంకేదైనా కొనుక్కోమని చెప్పాడు. "ఇంకేది నడపగలను సార్ నేను?" అని అడిగాను. నా కాలు చూశాడు. తర్వాత తన ఫోను చూసుకున్నాడు. మళ్ళీ అడిగాను. "కనుక్కుని ఫోన్ చేస్తాం" అన్నాడు. నా నంబరు మారలేదు. ఫోన్ ఇంకా రాలేదు.

ఆ వారం మళ్ళీ ఆటో ఎక్కాను. మూటలు ఎక్కాక ఎక్కాను. మూటలు దిగాక దిగాను. ఇకమీదట బతుకంతా ఇంతేనా అనిపించింది.

మా అక్కే చెప్పి ఉంటుంది. ఒక ఉదయం మా బావ భుజాన పనిముట్ల సంచితో మా వాకిట్లోకి వచ్చాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. బండి అతని మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. నన్ను చూడకుండా, ఇంట్లో ఉన్న నా భార్యను కేకేశాడు.

"చెల్లీ, బండి యాడుండాది?"

"నీ ముందరే ఉండాది కదన్నా."

"ముందుకు పోతాదా, ఎనక్కి పోతాదా అడుగు."

నేను కూడా నా భార్యకే చెప్పాను. "ఎనక్కి మాత్రం పోతాదని చెప్పు."

"సప్పుడు ఎట్ల వచ్చిందో అడుగు."

"సప్పుడు కాదు, అరుపు వచ్చిందని చెప్పు."

నా భార్య మా ఇద్దరినీ చూసింది. "ఇద్దరికీ చెవులుండాయి, నోళ్ళుండాయి. నాకు పొయ్యి మీద పప్పుండాది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మా బావ బానెట్టు ఎత్తి, గేర్‌బాక్స్ నూనె చూసే కమ్మీ లాగి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె కాలిన బెల్లంలా ఉంది. "మాడిపోయింది. లోపల పట్టే బిళ్ళలు పోయినాయి" అని బండితో అన్నాడు. నాతో కాదు, బండితో.

"దాన్ని ఎవరూ విప్పరంట" అని నేను గోడతో అన్నాను.

"ఎవరూ ఇప్పకపోతే అది పుట్టిందెట్ల?" అని అతను చక్రంతో అన్నాడు. "వెయ్యడుగుల లోతులో ఇరుక్కున్న మోటరును పైన నిలబడి పట్టుకుంటా నేను. ఇది నేల మీదనే ఉండాది. కండ్ల ముందరే ఉండాది. దీని బతుకెంత?"

గొప్పలు చెప్పుకునేవాళ్ళంటే నాకు గిట్టదు. కానీ మా బావ గొప్పల వెనక చేతులు ఉన్నాయి. ఆ చేతుల గురించి చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. నాకు జరిగిన అన్యాయాలు చాలు.

బోర్లలోంచి పైపులు లాగే మూడుకాళ్ళ ఇనుప స్తంభాన్ని తెచ్చి మా వాకిట్లో బండి ముక్కు మీద నిలబెట్టాడు. దాని గొలుసుతో ఇంజనును పట్టి ఉంచి, కింద బండరాళ్ళు పేర్చి, గేర్‌బాక్స్‌ను విడదీసి, పసిబిడ్డను ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు కిందికి దించాడు. దించింది ఎక్కడికి? నేను అమ్మకానికి తెచ్చిన కొత్త చాపల మీదికి. "చాపలు!" అని అరిచాను. "గాలి చూసినావా చెల్లీ?" అన్నాడు ఇంట్లోకి. ఆషాఢం గాలి. వాకిట్లో నిలబడితే పళ్ళ మధ్య ఎర్రమట్టి కరకరలాడుతోంది. చాపలతో సహా గేర్‌బాక్స్‌ను ముందు గదిలోకి లాగించాడు. కిటికీకి, తలుపుకు నా భార్య పాత చీరలు తడిపి కట్టించాడు. పూట పూటకూ వాటిని మళ్ళీ తడపాలి. ఆ పని నాకు అప్పగించాడు. నా భార్య ద్వారా.

బోరు పనిలో వాళ్ళకొక పద్ధతి ఉంది. పంపులోంచి ఏది బయటికి వచ్చినా, వచ్చిన వరుసలోనే నైలాను తాడుకు గుచ్చుతారు. ఒక భాగం అయిపోగానే ముడి వేస్తారు. మళ్ళీ బిగించేటప్పుడు తాడు చివరి నుంచి మొదలుపెడతారు. కాగితం అక్కర్లేదు, గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మా ముందు గదిలో ఈ గోడ మేకు నుంచి ఆ గోడ మేకు దాకా తాడు కట్టాడు. ఉంగరాలు, పళ్ళ చక్రాలు, స్ప్రింగులు, పలుచని బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి దాని మీదికి చేరాయి. ఎండుమిరపకాయలు వేలాడదీసినట్టు నా గేర్‌బాక్స్ గదిలో వేలాడింది. కింద మేము పడుకునేవాళ్ళం.

కాలిపోయిన బిళ్ళలు చూసినప్పుడు అతని ముఖం వెలిగింది. ఒక ఇనుప బిళ్ళ, ఒక పట్టు బిళ్ళ, మళ్ళీ ఇనుప బిళ్ళ, మళ్ళీ పట్టు బిళ్ళ. ఇనుప బిళ్ళ నున్నగా ఉంటుంది. పట్టు బిళ్ళకు రెండు వైపులా మందపాటి కాగితంలాంటి పొర అంటించి ఉంటుంది. నూనె ఒత్తిడికి ఇవన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే బండి కదులుతుంది. "ఇది బోరు పంపేరా!" అన్నాడు. "ఆడ గిన్నె, రెక్క, గిన్నె, రెక్క. ఈడ ఇది. అంతే!" రా అన్నాడు కానీ, ఆ రా ఎవరికో నేను అడగలేదు.

అన్నిటికంటే కష్టమైనది నూనె దారులు ఉండే పలక. దాని నిండా చీమల పుట్టలో ఉన్నట్టు సన్నని సందులు. కొన్ని సందుల్లో మిరియాలంత ఇనుప గుండ్లు. పై మూత ఎత్తగానే అవి దొర్లిపోతే ఏది ఏ సందులోదో దేవుడికి కూడా తెలియదు. గుండ్లను తాడుకు గుచ్చలేము. మా బావ చేతులు కట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత వంటింట్లోంచి రాగి సంగటి అడిగాడు. ఆకలేసిందేమో అనుకుంది నా భార్య. పప్పు కూడా వేసి తెచ్చింది. పప్పు తిరిగి ఇచ్చేసి, సంగటిని పళ్ళెంలో రొట్టెలా పరిచి, ఒక్కొక్క గుండును తీసి, పలకలో అది ఎక్కడుందో సంగటిలోనూ సరిగ్గా అక్కడే అదిమాడు. నేను టార్చి పట్టుకున్నాను.

"టార్చి కదిలించద్దురా" అన్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత అతను నా ముఖం చూసి నాతో అన్న మొదటి మాట అది. తిట్టు. అయినా టార్చి కదిలించలేదు.

సంగటి ఎండి గట్టిపడింది. గుండ్లు అందులో నక్షత్రాల్లా నిలిచాయి. ఆ పళ్ళేనికి చీమలు పట్టకుండా నీళ్ళ బేసిన్‌లో గిన్నె బోర్లించి, దాని మీద పెట్టాను. అది నా ఆలోచన. టీ కొట్టు దగ్గర ఈ సంగతి కూడా ఎవరూ చెప్పరు.

విడిభాగాల కోసం బెంగళూరు బయలుదేరినప్పుడు, నా భార్యతో, "వాణ్ణి కూడా రమ్మను, వాని బండి కదా" అన్నాడు. పాత బండ్లు విప్పి అమ్మే గుజిరీలో నాలాంటి వ్యాన్లు రెండు కనిపించాయి. ఒకదానికి ముందు భాగం నుజ్జయింది. ఇంకొకటి వెనక సగం కాలిపోయింది. రెంటి గేర్‌బాక్స్‌లూ విప్పి చూడాలన్నాడు మా బావ. గుజిరీ యజమాని ఒప్పుకోలేదు.

"ఇప్పకుండా తీసుకోవాల. ఈడ పద్ధతి అంతే."

"బెండకాయ కొన్నా తోక తుంచి చూస్తామప్పా. ఇది బెండకాయ కంటే అధ్వాన్నమా?"

"తుంచినాక ముదురని పారేసిపోతే?"

"ఇప్పింది నేనే బిగించి పోతా. చూడు ఈ చేతులు. మా బామ్మర్ది బండి ఇది. వానికి ఇది బండి కాదు, కాలు."

యజమాని నా వైపు చూశాడు. నేను ఆ కాలిపోయిన వ్యాన్ వైపు చూశాను. ఆ మాట విన్నానని మా బావకు తెలియనివ్వలేదు. సాయంత్రం దాకా ఆ రెండు గేర్‌బాక్స్‌లనూ నేల మీద పరిచి, నూనె వాసన చూసి, గోటితో గీకి, చెవి దగ్గర తిప్పి విన్నాడు. ఒకదాంట్లోంచి బిళ్ళలు, ఇంకొకదాంట్లోంచి అవి కూర్చునే డ్రమ్ము తీసుకున్నాము. బియ్యం సంచిలో వేసుకుని బస్సెక్కాము. దారంతా సంచి అతని ఒళ్ళోనే ఉంది.

తాడు చివరి నుంచి బిగింపు మొదలైంది. ముడి విప్పడం, ఒక భాగం పెట్టడం, ముడి విప్పడం, ఇంకో భాగం పెట్టడం. చివరికి తాడు ఖాళీ అయింది. సంగటి ఖాళీ అయింది. గుండ్లు కడిగి వాటి సందుల్లో పెట్టేశాడు. అప్పుడు మా బావ ఒక పని చేశాడు. బోరు మోటారును దించేముందు దాని లోపల నీళ్ళు నింపి, ఎక్కడైనా కారుతుందేమో చూడటం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటుగానే గేర్‌బాక్స్‌లో నీళ్ళు నింపి, మరునాటి దాకా ఉంచాడు. ఒక్క చుక్క కారలేదు. "చూడు, ఒక్క బొట్టు వచ్చిందేమో చూడు" అని వీధిలో పోయేవాళ్ళను కూడా పిలిచి చూపించాడు. నీళ్ళు వంచి, ఎండబెట్టి, ఎర్ర నూనె పోసి, బండికి ఎక్కించాడు.

బండి ముందుకు కదిలింది! నేనే నడిపాను. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. కంబదూరు సంతకూ వెళ్ళాను. వెళ్ళాను కానీ, వచ్చేటప్పుడు అదే అరుపు. అదే ట్రాక్టరు. ట్రాక్టరువాడు నవ్వుతూ, "నెలకొకసారి మాట్లాడుకుందామా అన్నా?" అన్నాడు. వాడి పేరు నాకు తెలుసు, రాయడం లేదు.

మళ్ళీ విప్పాడు మా బావ. పట్టు బిళ్ళల మీది కాగితం పొర, నానబెట్టిన శనగగింజ పొట్టులా చేతికి ఊడి వచ్చింది. నీళ్ళు తగలకూడని పొర అది.

ఇక మాటలు మొదలవుతాయని నేను సిద్ధంగా ఉన్నాను. గుజిరీవాడు మోసం చేశాడంటాడు. నూనె మంచిది కాదంటాడు. నేను నడపడం చేతకాక పాడుచేశానంటాడు. ఒక్కొక్కదానికి నా దగ్గర జవాబు ఉంది. మా బావ ఆ పొరను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మా అక్క, నా భార్య, పక్కింటివాళ్ళు అందరూ గుమ్మంలో ఉన్నారు.

"నీళ్ళు పోసింది నేనే" అన్నాడు. "బోరు మోటరనుకుంటి. తప్పు నాది."

గొంతు తగ్గించలేదు. గొప్పలు ఎంత గట్టిగా చెబుతాడో ఇదీ అంత గట్టిగానే చెప్పాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర కూడా తానే చెప్పాడట. "ఎంత పనిమంతుడివి, ఇట్ల చేసినావేంది?" అని ఎవరో అంటే, "పనిమంతుడు కాకపోతే ఇంత పెద్ద తప్పు చేయగలడా?" అన్నాడట. మరునాడు పొద్దున్నే ఒక్కడే బెంగళూరు బస్సెక్కాడు. వచ్చేటప్పుడు బిళ్ళలు తన తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. ఈసారి వాటిని ఎర్ర నూనెలో నానబెట్టి, మూత పెట్టి, మూత మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఎవరైనా నీళ్ళ చెంబు పట్టుకుని కనిపిస్తే చాలు, "దూరం, దూరం!" అని అరిచేవాడు. నా భార్య అతనికి తాగడానికి నీళ్ళివ్వాలన్నా వాకిట్లోకి పిలిచేది.

నాకు నచ్చని మనుషుల గురించి నేను పుస్తకాలు నింపగలను. నచ్చినవాళ్ళ గురించి రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఒక మాట రాస్తాను. అందరి ముందు "తప్పు నాది" అని చెప్పి, వెంటనే లేచి ఆ తప్పు దిద్దడానికి వెళ్ళిన మనిషిని నా జీవితంలో మా బావనొక్కణ్ణే చూశాను.

బండి మళ్ళీ తయారైంది. ఈసారి ముందు తానే నడిపి చూస్తానన్నాడు మా బావ. నేను పక్కన కూర్చున్నాను. మా అక్క గుమ్మంలో నిలబడింది. మా బావ జన్మంతా క్లచ్చు బండ్లే తోలిన మనిషి. బండి కదలగానే అతని ఎడమకాలు దానంతటదే క్లచ్చు కోసం వెతికింది. అక్కడ ఉన్నది బ్రేకు. దబ్‌మని తొక్కాడు. నా నుదురు అద్దానికి తగలబోయింది. మళ్ళీ కదిలించాడు. మళ్ళీ దబ్.

"ఏమప్పా, బండికి ఎక్కిళ్ళు వచ్చినాయా?" అంది మా అక్క.

మూడోసారి కూడా అదే. మా బావ బండి ఆపాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. వంగి, తన ఎడమ చీలమండను సీటు కింది కడ్డీకి కట్టేసుకున్నాడు. రెండు ముళ్ళు వేశాడు. బోరు తాడుకు వేసే ముళ్ళు. ఒక్క కుడికాలితో, నేను నడిపినట్టే, వీధి దాటించి, ఊరు దాటించి, కంబదూరు దారి పట్టించాడు. ఆ దారిలోనూ ఒక గట్టు వచ్చింది. గేరు దానంతటదే మారింది. బోరులోంచి మొదటిసారి నీళ్ళు పైకి ఎగజిమ్మినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో అలా అయింది.

అప్పుడు అడిగాను. "బావా, ఈ బండి వచ్చిన పొద్దు నువ్వు అన్న మాట గుర్తుండాదా?"

"గేరు ఎంత మెత్తగా పడిందో చూసినావా?" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ ముళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది. బిగుసుకుపోయాయి. నేనే వంగి విప్పాను. తర్వాత ఒకరోజు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఇన్నేళ్ళకు గడప తొక్కాను. మొదటి ముద్ద ఎత్తకముందే మళ్ళీ అడిగాను. అతను మా అక్కను మజ్జిగ అడిగాడు. మజ్జిగ వచ్చింది, జవాబు రాలేదు.

కాలు కట్టుకున్నదే జవాబు, ఇంకేం కావాలి నీకు అంటుంది నా భార్య. మా అక్క కూడా అదే అంటుంది. నేను ఒప్పుకోను. తువ్వాలుకు నోరు లేదు. బావా, నీళ్ళు పోసిన తప్పును టీ కొట్టు దాకా వెళ్ళి చెప్పుకున్న నోరు నీది. ఆ మాట అన్నదీ అదే నోరు. వీధంతా వినేలా అన్నావు. నేనొక్కణ్ణే వినేలా చెప్పినా చాలు.

కుందుర్పి సంతకు నాతో వస్తానన్నావు. రా. బండి నేను నడుపుతాను. నువ్వు పక్కన కూర్చుంటావు. మజ్జిగ ఇవ్వడానికి అక్క ఉండదు. గేరు మెత్తగా పడుతుందని నాకు తెలుసు, అది చెప్పొద్దు. గట్టు దగ్గర బండి ఆపి అడుగుతాను. ఆ మాట నీకు గుర్తుందా, లేదా? నా ముఖం చూసి చెప్పు.